కుర్సీ బీ ఎడమ పాదం

కొత్తవాడ, వరంగల్
జనవరి 18

అజ్మత్‌కు, అనసూర్య రాస్తున్నది.

ఫోన్‌లో నేను అరవడం, నువ్వు "ఏందీ? ఏందీ?" అనడం, మా ఇంట్లో గొడవ జరుగుతోందని పక్కింటి వాళ్ళు తొంగిచూడడం. ఇక ఈ తమాషా నా వల్ల కాదు. చెవికి మిషన్ పెట్టుకోమంటే పెట్టుకోవు. వాట్సాప్‌లో రాస్తే నీకంటే ముందు మీ ఇంటిల్లిపాదీ చదువుతారు. అందుకే కాగితం పట్టాను. డ్రాయింగ్ టీచరు చేతిరాత రిటైరయ్యాక కూడా ఎట్లా ఉందో చూసి కుళ్ళుకో.

మా తమ్ముడు సుదర్శన్ చౌరస్తాలో కొత్త బట్టల షాపు పెడుతున్నాడు. అక్షయ తృతీయకు ఓపెనింగ్. గల్లా వెనక గోడకు గుండయ్య తాత ఫోటో పెట్టాలని వాడి కోరిక. నీకు గుర్తుండే ఉంటుంది. చిన్నప్పుడు మా పూజగదిలోకి తొంగిచూసి "మీ దేవునికి టోపీ ఉందేందే" అన్నావు కదా, ఆ ఫోటోనే. జరీ టోపీ పెట్టుకుని, చారల జంపఖానా కప్పిన ఎత్తు కుర్చీలో కూర్చున్న ఏడాది పిల్లవాడు. మా తాతకు తండ్రి. తల్లి పురిట్లోనే పోతే మేకపాలు తాగి బతికాడని, ఆ కృతజ్ఞతతో మా ఇంట్లో ఇప్పటికీ మేకమాంసం ముట్టమని నీకు నేను చెప్పక్కర్లేదు. ప్రతి బక్రీదుకూ ఈ ముక్క మీద నన్ను ఏడిపిస్తూనే ఉంటావు.

ఫ్రేముకు చెదలు పట్టింది. స్టేషన్ రోడ్డులో అన్నేళ్ళు ఫోటో స్టూడియో నడిపిన రాంచందర్ భార్యను, నేనుండగా ఇంకెవరు విప్పుతారు? మా ఆయన పోయినా ఆయన భూతద్దం, పట్టకారు నా దగ్గరే ఉన్నాయి. ఫోటో చూశాక నాకు ఒకటే నవ్వు. ఆ కాలంలో ఫోటో కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూసేవాళ్ళని ఆయన చెప్పేవాడు. ఇదీ అదే, ఆ పసుపు మెరుపు చూస్తేనే తెలుస్తుంది. మా నాయనమ్మ భద్రమ్మ పూజగది గడపలోకి గుడ్డు అనే మాటే రానిచ్చేది కాదు. పాపం, బతికినన్నాళ్ళూ గుడ్డుకే హారతిచ్చింది!

ఫోటో మీద కోడిగుడ్డు ఆకారంలోనే కిటికీ కోసిన ఒక అట్ట ఉంది. ఇన్నాళ్ళూ మేము ఆ కిటికీలోంచే తాతను చూశాం. ఆ అట్ట తీశాక ఒకటి కనబడింది. అదేమిటో ఇప్పుడు రాయను. ముందు నేనడిగిన దానికి జవాబు చెప్పు.

నీ ఎడమ కాలి చిటికెన వేలు ఇంకా పక్క వేలు మీదికెక్కి కూర్చునే ఉందా?

నీ
అనసూర్య


మరిపెడ
జనవరి 29

అనసూర్యకు అజ్మత్ బీ సలాం.

ఇన్నేండ్లకు ఉత్తరం రాసి మోకాళ్ళ నొప్పులెట్లున్నయని అడగాలె గని, కాలి వేలు అడుగుతవా? నీకు మతి గిట్ల పోయిందా? ఉన్నది. ఎక్కే ఉన్నది, దిగలే. బడికి చెప్పుల్లేకుండ పోయేటప్పుడు నా కాలు చూసి "మీ చిటికెన వేలుకు సవారీ ఎక్కువ" అని నవ్వినవ్ కదా, అదే వేలు. మా నాయిన తల్లి దాదీకి ఉండె, నాకున్నది, ఇప్పుడు మనుమరాలు తమన్నాకు కూడా వచ్చింది. చెప్పుల దుకాణంల పిల్ల సిగ్గుపడుతుంటే నేనే చెప్పిన, ఇది మన ఇంటి మొహరు, ముద్ర, సిగ్గెందుకని.

నేను నీకంటె నాలుగు నెలలు పెద్ద. ఒక్కనాడన్న అక్కా అని పిలిచినవా? పిలవవు. వేళ్ళు మాత్రం అడుగుతవ్.

ఇగ మా ముచ్చట విను. నా కొడుకు ఖాజా పాషా బస్టాండు కాడ కుర్చీల దుకాణం తెరిచిండు. పెండ్లిళ్ళకు కిరాయికి ఇస్తడు, అమ్ముతడు. పేరేం పెట్టిండో తెలుసా? "కుర్సీ బీ ఫర్నిచర్". బోర్డు ఇంత పెద్దగ రాయించిండు. కుర్సీ బీ అంటే మా దాదీ వాళ్ళ నానీ, తల్లికి తల్లి. మీ వరంగల్లనే ఉండె. ఎవరో మగ్గాల ఆసామి ఇంట్ల తల్లి లేని పిల్లగానికి పాలిచ్చి సాదిందట. అందుకు వాళ్ళు ఖుషీ అయి, పెద్ద డేరా వేసి, రైల్ల వచ్చిన దొర ముంగట ఆమెకు కుర్సీ వేసి కూసోబెట్టిండ్రట. ఆ కాలంల గరీబోళ్ళ ఆడిదానికి దొర ముంగట కుర్సీ అంటే మాటలా? అప్పటిసంది ఆమె పేరే కుర్సీ బీ అయింది. మాకు భూములు లేకపోవచ్చు, ఈ ముచ్చటున్నది. దుకాణానికి వచ్చినోళ్ళకందరికీ పాషా చాయ్ పోసి మరీ చెప్తాండు.

అట్ట తీస్తే ఏం కనబడ్డదో జల్ది రాయి.

అజ్మత్


కొత్తవాడ, వరంగల్
ఫిబ్రవరి 12

అజ్మత్‌కు,

నీ ఉత్తరం అందింది. పాషా షాపు పేరు బాగుంది. కుర్చీల వ్యాపారం ఇప్పుడు బాగానే నడుస్తుంది. ఎండలు రాకముందే పెళ్ళిళ్ళు మొదలవుతాయి కదా.

అట్ట కింద ఏముందో అడిగావు. గుండయ్య తాత కుర్చీలో కూర్చోలేదు. ఆ జంపఖానా కింద మనిషి ఉంది. ఆ రోజుల్లో ఫోటో చిటికెలో పడేది కాదు. కాసేపు బిగదీసుకుని కూర్చోవాలి. పెద్దవాళ్ళకైతే మెడ కదలకుండా వెనక ఇనుప కొండి పెట్టేవాళ్ళు. పిల్లలకు కొండి పెట్టలేరు కదా. అందుకని ఒక ఆడమనిషిని కూర్చోబెట్టి, నెత్తి మీది నుంచి బట్ట కప్పి, కుర్చీలా చేసి, ఆమె ఒడిలో పిల్లవాణ్ణి పెట్టేవాళ్ళు. తర్వాత పైన అట్ట కిటికీ పెడితే పిల్లవాడొక్కడే కనబడతాడు. తెల్లదొరసానులు కూడా తమ పిల్లల కోసం ఇట్లా దుప్పటి కింద కూర్చునేవాళ్ళని మా ఆయన చెప్పేవాడు.

జంపఖానా అంచు కింద ఆమె ఎడమ పాదం బయటికి కనబడుతోంది. అంతే.

సుదర్శన్ వెండి ఫ్రేము కొన్నాడు. దానికి పట్టేటట్టు అసలు ఫోటోనే చుట్టూ కోయిస్తానంటున్నాడు. "ఎవరిదో పనిమనిషి కాలు, షాపులో ఎందుకక్కా?" అంటాడు. పుట్టినప్పటి నుంచీ వాడికి తొందరే. నేను వద్దన్నాను. చూద్దాం.

పని ఉంది. ఉంటాను.

అనసూర్య


మరిపెడ
ఫిబ్రవరి 24

అనసూర్యా,

సలాం గిలాం ఏం లేదు. రోజా ఉన్న నోటితోని తిట్టొద్దు గనుక బతికిపోయినవ్.

నా కాలి వేలు అడుగుతవ్. నేను కుర్సీ బీ ముచ్చట రాస్తే "కుర్చీల వ్యాపారం బాగుంటది" అంటవ్. తర్వాత జంపఖానా కింద ఎవరిదో ఎడమ కాలున్నదని రాసి, "అంతే" అని పెన్ను మూస్తవ్. నాకు చెవులే వినబడయి, తలకాయ మంచిగనే పని చేస్తది. ఆ కాలికి చిటికెన వేలు ఎట్లున్నదో ఎందుకు రాయలే?

రాత్రి ఇఫ్తార్ అయినంక పాషాను కూసోబెట్టి నీ ఉత్తరాలు చదివి వినిపించిన. వాడు లేచి దుకాణం దిక్కు పోయి బోర్డు చూసుకుంట నిలబడ్డడు. తిరిగొచ్చి అడిగిండు, "అమ్మీ, అయితే ఆమెను కుర్సీల కూసోబెట్టలేదా? ఆమెనే కుర్సీ చేసిండ్రా?" అని.

నేనేం చెప్పాలె? నాకు నిజం కావాలె అనసూర్యా. నా దిల్ ఖరాబైతదని నువ్వు ఫికర్ పడుతున్నవ్. అయితే కానీ. దాచినందుకే ఎక్కువ కాల్తాంది.

ఫోటో పంపు.

అజ్మత్


కొత్తవాడ, వరంగల్
మార్చి 5

అజ్మత్‌కు,

తిట్టు, పడతాను.

మా మేనకోడలు మహిత ఫోన్‌తో ఫోటో తీసి, పెద్దగా ప్రింటు వేయించి ఇచ్చింది. ఈ కవరులో పెట్టాను. పాదం దగ్గర చూడు. చిటికెన వేలు పక్క వేలు మీద సవారీ చేస్తోంది. భూతద్దంలో అది కనబడగానే నాకు ముందుగా నువ్వే గుర్తొచ్చావు, మట్టి రోడ్డు మీద బడికి నడుస్తున్న నీ కాలు. అయినా నమ్మలేదు. ఒకే రకం వేళ్ళు ఎందరికుండవు? తర్వాత నీ ఉత్తరం వచ్చింది. మగ్గాల ఆసామి, తల్లి లేని పిల్లవాడు, డేరా, రైల్లో వచ్చిన దొర. ఆ దొర ఫోటోలు తీసేవాడై ఉంటాడు. నీకెట్లా చెప్పను? పాషా అంత పెద్ద బోర్డు పెట్టుకున్నాడే.

నిజం అడిగావు కనుక ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మీ ఇంట్లో ఆమెను దొర ముందు కుర్చీలో కూర్చోబెట్టారని చెప్పుకున్నారు. మా వాళ్ళు ఆమెనే కుర్చీ చేశారు. అది చాలనట్టు తర్వాత మేకను కూడా చేశారు. తురక మనిషి పాలు తాగాడని చెప్పుకోవడానికి ఎవరికి నామోషీ అయిందో, మేక అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్ని తరాలుగా మటన్ మానేసి కూర్చున్నాం. మీ ఇంట్లో నాకని వేరేగా వండించుకుని తిన్న ప్రతి బక్రీదూ గుర్తొస్తోంది.

సుదర్శన్‌తో ఇంకా చెప్పలేదు. ఉగాది దాటాక ఫ్రేముల వాడు కత్తి పట్టుకుని వస్తాడట. ఒకసారి కోస్తే మళ్ళీ అతకదు. మీ కుర్సీ బీది ఈ లోకంలో మిగిలింది ఈ పాదమే. దాన్ని కోయనివ్వను, అది మాత్రం రాసిపెట్టుకో. ఏం చేయాలో నువ్వు చెప్పు. ఫోటో మీకు పంపించెయ్యమంటే పంపించేస్తాను. మా వాళ్ళకు నేను జవాబు చెప్పుకుంటాను.

నీ
అనసూర్య


మరిపెడ
మార్చి 24

అనసూర్యకు అజ్మత్ బీ సలాం. ఈద్ ముబారక్.

నీ కవరు వచ్చి చాన్నాళ్ళయింది. ఫోటోను పండుగ దాక అల్మారిలనే పెట్టిన. చూసుడు, కోపం తెచ్చుకునుడు, లోపల పెట్టుడు. ఇదే పని. పండుగ నాడు షీర్ ఖుర్మా తాగుకుంట ఇంటోళ్ళందరం కూసోని మంచిగ చూసినం. తమన్నా తన కాలు తెచ్చి ఫోటో పక్కన పెట్టింది. ఇగ మాట్లాడేదేమున్నది, ఖూన్ అదే.

నువ్వు చదువుకున్నదానివి గని జర తొందరెక్కువ నీకు. మా వాళ్ళు ఆమెను కుర్చీ చేసిండ్రు అని ఏడ్చుకుంట రాసినవ్. ఎవరు చేసిండ్రు? మా దాదీ ఏమనేదో చెప్తా విను. కుర్సీ బీ గోషాల ఉండేదట. పరాయి మొగోనికి గోరు కూడ కనబడనీయకపోయేదట. అట్లాంటామె రైల్ల వచ్చిన దొర ముంగట మొఖం పెడతదా? ఆ జంపఖానా మీ వాళ్ళు కప్పిండ్రో, ఆమెనే తెచ్చి కప్పమన్నదో నీకేం ఎరుక? పిల్లగాడు ఎవరి ఒళ్ళో పెట్టినా గుక్క పట్టి ఏడ్చి ఉంటడు. పాలిచ్చిన మనిషి ఒళ్ళోనే ఊకున్నడు. అందుకే ఆమె కూసున్నది.

ఇంకోటి. గోరు కనబడనీయనామె పాదం బయట పెట్టిందంటే మర్చిపోయిందనుకుంటున్నవా? నాకు తెలుసు. నేను కూడ అదే ఖూన్. "నేనిక్కడ ఉన్న" అని పెట్టింది.

అప్పుడు నాకు యాదికొచ్చింది. దాదీ చెప్పేటప్పుడు ఆమెకు కుర్సీ వేసిండ్రని ఎన్నడూ చెప్పలే. "మా నానీ కుర్సీ అయింది" అనేది, అని పడి పడి నవ్వేది. కుర్సీ వేసుడు, గౌరవం, ఇదంత మా నాయిన కలిపిండు. మొగోళ్ళకు ఒట్టి ముచ్చట సరిపోదు కదా. మీకాడ మేకను కలిపినట్టే. అందుకని బోర్డు దింపేది లేదు, పాషాకు చెప్పిన. ఇప్పుడు ఆ పేరు అసలుకు అసలైంది.

ఫోటో మాకు వద్దు. పిల్లగాడు మీ వాడు, ఆమె మా ఆమె. ఇద్దర్నీ విడదీస్తే ఎట్ల? మా దాంట్ల పాలిచ్చిన మనిషి తల్లే అయితది, పాలు తాగినోడు కొడుకే అయితడు. అంటే మీ గుండయ్య మా ఇంటి కొడుకు. ఇగ నేను నీకేమైతనో నువ్వే చెప్పు.

సుదర్శన్‌కు నా మాటగ చెప్పు. కొయ్యొద్దు. బొట్టు వద్దు, దండ వద్దు. పేరు రాయాలె. కుర్సీ బీ పిలుపు పేరు. అసలు పేరు మదార్ బీ.

అజ్మత్


కొత్తవాడ, వరంగల్
ఏప్రిల్ 22

అజ్మత్ అక్కకు,

నమస్కారాలు. సంబరపడకు, ఇది లెక్కలో తేలిన వరుస.

షాపు ఓపెనింగ్ అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉగాది దాటాక ఫ్రేముల వాడు వచ్చాడు. సుదర్శన్ పక్కనే నిలబడ్డాడు. నేను ఫోటోను పాత నూలు చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు రాసిందంతా చదివి వినిపించాను. వాడి ముఖం ఎర్రబడింది.

"అక్కా, ఇన్నేండ్లు మేక అని చెప్పుకున్నం. ఇప్పుడు మనిషంటే నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు.

"మేకకు మొక్కినప్పుడు ఏమీ అనుకోని నలుగురు, మనిషికి మొక్కితే ఏమనుకుంటరురా?" అన్నాను.

వాడు ఒప్పుకోలేదు. అప్పుడు మా ఆయన భూతద్దం వాడి చేతిలో పెట్టి, తాత కుడి చెయ్యి చూడమన్నాను. అట్ట కిటికీలో ఆ చెయ్యి మణికట్టు దాకానే కనబడేది. పిడికిలి బిగించాడేమో అనుకునేవాళ్ళం. పిడికిలి కాదు. జంపఖానా మీది నుంచే ఆమె వేలు పట్టుకున్నాడు. బట్ట కింద వేలు ఉబ్బెత్తుగా తెలుస్తోంది. "ఇప్పుడు కొయ్యి. ఎక్కడ కోస్తవో కొయ్యి," అన్నాను.

వాడు చాలాసేపు భూతద్దం దించలేదు. తర్వాత ఫ్రేముల వాడితో, "పెద్దది చెయ్యి. ఏం కొయ్యకు," అన్నాడు. నా తమ్ముణ్ణి చూసి నేను అంత గర్వపడ్డది లేదు.

ఓపెనింగ్ రోజు మరదలు సంధ్యారాణి అలవాటు కొద్దీ కుంకుమ గిన్నె తెచ్చి, అద్దం మీద తాత నుదుటికి బొట్టు పెట్టింది. రెండో బొట్టుకు వేలు ముంచి ఆగిపోయింది. బొట్టు వద్దన్నావని నేను గుర్తు చేశాను. అయినా పెట్టడానికి ముఖమెక్కడుంది? సుదర్శన్ వంగి, అద్దం మీద ఆ పాదం దగ్గర చెయ్యి ఆనించి కళ్ళకద్దుకున్నాడు. మా దగ్గర పెద్దవాళ్ళకు మొక్కేది పాదాలకే కదా. ఆమె మాకు అదొక్కటే చూపించింది.

కింద అక్షరాలు నేనే రాశాను, బ్రష్‌తో. "మదార్ బీ, ఆమె ఒడిలో గుండయ్య." నీ కోసం ఉర్దూలో మహిత రాయించింది. తప్పులుంటే దాన్ని తిట్టు.

అక్కా, ఇక మేక సంగతి. మేకమాంసం ముట్టమన్న మా ఒట్టే అబద్ధమని తేలిపోయింది. ఈ బక్రీదుకు మరిపెడ వస్తున్నాను. నాకు వేరే వండకు. నీ చేతి మటన్ తింటాను. ఇన్నేళ్ళ నీ పోరు గెలిచింది.

నీ చెల్లెలు
అనసూర్య


మరిపెడ
మే 15

చెల్లె అనసూర్యకు అజ్మత్ బీ సలాం, దువా.

అక్క అన్నవ్. ఆ కాగితాన్ని పాషా దుకాణంల గల్లా అద్దం కింద పెట్టిండు. వచ్చినోళ్ళకు చాయ్ పోసి ఇప్పుడు కొత్త ముచ్చట చెప్తాండు. పాతదానికంటె ఇదే మంచిగున్నదంటున్నరట.

సుదర్శన్ వంగిండని చదివి మస్తు ఏడ్చిన. మా దాంట్ల ఫోటోలకు మొక్కుడు లేదు, వానికి చెప్పకు. వాడు మొక్కింది వాని తల్లికి అనుకుంట.

బక్రీదుకు రా. తప్పకుండ రా. తమన్నాకు నువ్వు రంగులు నేర్పియ్యాలె. గని మటన్ సంగతి రాసినవ్ కదా, అది నడవదు. అవును, బడి రోజులసంది తిను తిను అని నీ పానం తిన్నది నేనే. ఇప్పుడు నేనే వద్దంటున్న, విను.

ఒట్టు అబద్ధమని ఎవరన్నరు? మేక అన్న మాట అబద్ధం. పాలు అబద్ధమా? మీ ఇంట్ల ఇన్ని తరాల మంది, పెండ్లిళ్ళల్ల, పండుగలల్ల, నోటి ముంగటికి వచ్చిన ముద్దను వద్దన్నరు. పిల్లలు ఏడ్చినా పెట్టలే. ఎవరి కోసం? మీకు ఎరుక లేకుంట మా మదార్ బీ కోసమే. మా ఇంట్ల మేము ఆమె కోసం అంత చెయ్యలే అనసూర్యా. పేరు చెప్పుకున్నం, బోర్డు పెట్టుకున్నం, అంతే. ఆమె పాల రుణం అన్నం ముంగట కూసున్నప్పుడల్ల యాది చేసుకున్నది మీరే.

అందుకని ఒట్టు మార్చకు. పేరు మార్చు.

నీ కోసం వేరే గిన్నె తోమి పక్కన పెట్టిన, ఎప్పటి లెక్కనే. ఎవరికని తమన్నా అడిగితే, మదార్ బీ పేరు మీద అని చెప్పిన.

నీ అక్క
అజ్మత్